నలిపేసిన చుక్కలు

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందని సామెత. ఆ పిల్లినైనా క్షమించవచ్చు, దానికి పాల యావ తప్ప ఇంకేం తెలుసు గనక. రెండేళ్ళపాటు దేవుడి పుస్తకంలో ప్రతి పేజీ అడుగునా దొంగచాటుగా సొంత అర్జీ పెట్టుకుంటూ వచ్చిన టైలరమ్మను మాత్రం ఏమనాలి? ఏమనాలో చివరిదాకా విన్నాక మీరే చెప్పండి.

టైలరమ్మ దుకాణం బస్సులు తిరిగే రోడ్డుకు ఒక సందు వెనక ఉండేది. ముందు గదిలో కుట్టుమిషను, బట్ట కత్తిరించే బల్ల, గోడకు వేలాడుతూ సగం కుట్టిన చొక్కాలు. వెనక రెండు గదుల్లో కాపురం. మొగుడు సిటీ బస్సు డ్రైవరు. ఆవిడ కాజా కుడితే మిషను కుట్టిందేమోనని తిప్పి తిప్పి చూసేవాళ్ళు. ముప్పై ఏళ్ళలో సూదికి దారం రెండో ప్రయత్నంలో ఎక్కించిన పాపాన పోలేదు. ఆ సంగతి ఆవిడకూ బాగా తెలుసు, నలుగురికీ చెప్పేది కూడా.

అలాంటి మనిషికి ఒకనాడు బల్ల అంచు కనబడలేదు. మోచెయ్యి తగిలి కత్తెర కిందపడింది. తర్వాత కొన్నాళ్ళకు పక్కనే నిలబడ్డ మనిషి మాట్లాడేదాకా ఉన్నాడని తెలియలేదు. కంటి డాక్టరు ఆవిడ మొహాన్ని ఒక తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో పెట్టించి, మిణుకుమనే చుక్క కనబడ్డప్పుడల్లా మీట నొక్కమన్నాడు. ఆవిడ నొక్కిన వాటికంటే నొక్కనివే ఎక్కువ.

"చూపు అంచుల నుంచి లోపలికి మూసుకొస్తోందమ్మా," అన్నాడు డాక్టరు. "చుక్కల మందు వేగం తగ్గిస్తుంది. ఆపుతుందని మాత్రం మాటివ్వలేను."

డాక్టరు ఇవ్వలేని మాట ఇంకెవరి దగ్గర పుచ్చుకోవాలో టైలరమ్మకు తెలుసు. ఆదివారం మందిరంలో మోకాళ్ళు అరిగేలా ప్రార్థించింది. సరిగ్గా ఆ ఆదివారమే పాస్టరుగారు ఒక ప్రకటన చేశారు. ఊరి చివర అంధుల హోమ్‌లో చిన్న ప్రార్థన గది ఉంది. సంఘంలోని పాతతరంవాళ్ళు తలా ఒకటి రాసి కూర్చిన రెండొందల పన్నెండు స్తుతుల పుస్తకం వాళ్ళకు కావాలి. వేళ్ళతో తడిమి చదువుకునే చుక్కల లిపిలో, బ్రెయిలీలో కావాలి. నేర్చుకుని, చేత్తో రాసిపెట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

అందరికంటే ముందు లేచిన చెయ్యి టైలరమ్మది. అసలే కళ్ళు సరిగా లేని మనిషి, ఎంత త్యాగమో అని మందిరం గుమ్మంలో నలుగురూ ఆవిడ చేతులు పట్టుకుని మెచ్చుకున్నారు. ఆవిడ తల వంచుకుని, "అంతా ఆయన కృప," అంది. లోపల మాత్రం బేరం అప్పుడే కుదిరిపోయింది. ప్రభువా, చూపులేనివాళ్ళకు నేను పుస్తకం రాసిపెడతాను, నా చూపు నువ్వు నాకుంచెయ్. చెప్పొద్దూ, బేరం ఒక పక్కనే కుదిరిందని ఆవిడకు తట్టనే లేదు.

పని తేలికైనదేం కాదు. గళ్ళ గళ్ళ లోహపు పలక ఒకటి, చెక్క పిడి ఉన్న మొద్దు సూది ఒకటి. దళసరి కాగితాన్ని పలకలో బిగించి, గడిలో సూదితో గుచ్చితే కాగితం అవతలివైపు చుక్క లేస్తుంది. అవతల ఎడమ నుంచి కుడికి చదవాలి గనక, ఇవతల కుడి నుంచి ఎడమకు, అద్దంలో చూసినట్టు తిరగేసి రాయాలి. రాస్తున్నంతసేపూ ఏం రాశామో కనబడదు. కాగితం తీసి తిప్పితేనే అక్షరం. గుచ్చడం పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి ఆర్నెల్లు పట్టాల్సింది రెండు నెలల్లో నేర్చేసుకుంది.

నేర్పినావిడ ఒక నియమం చెప్పింది. కాగితం పట్టుకుని తిప్పడానికి వీలుగా, అట్టడుగు వరస ఖాళీగా వదిలెయ్యాలి. ఆ ఖాళీ వరస చూడగానే టైలరమ్మకు ప్రాణం లేచొచ్చింది. అడగందే అమ్మైనా పెట్టదు కదా! మొదటి స్తుతి పూర్తికాగానే అడుగు వరసలో నాలుగు ముక్కలు గుచ్చింది. "ప్రభువా, నా చూపు తీసెయ్యకు."

గుచ్చాక భయం వేసింది. హోమ్‌లో పేజీలు సరిచూసే ముసలావిడ ఒకావిడ ఉందట, పుట్టు గుడ్డి, మహా గట్టి మనిషి, అందరూ దిద్దుబాటు పెద్దమ్మ అంటారట. ఆవిడ కంట పడితే, అదే, ఆవిడ వేలికి తగిలితే పరువేం కాను? టైలరమ్మ కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు తీసి, ఆ వరసలోని చుక్కలన్నీ అదిమి అదిమి నలిపేసింది. కిటికీ దగ్గర కాగితాన్ని వాల్చి చూసింది. నున్నగా ఉంది, నీడ కూడా లేదు. దేవుడు ఈపాటికి చదివేసి ఉంటాడు, మనుషులకు ఇక అనవసరం అనుకుంది. అప్పటి నుంచి అదే అలవాటు. స్తుతి రాయడం, అడుగున అర్జీ పెట్టడం, నలిపెయ్యడం.

పేజీలు పట్టుకెళ్ళేది మొగుడు. ఆయన బస్సు హోమ్ గేటు ముందునుంచే వెళ్తుంది. కావలివాడి చేతికి కవరు ఇచ్చేవాడు, దిద్దిన పాత కవరు తెచ్చేవాడు. తప్పున్న చోట పెద్దమ్మ ఒక చిన్న గుండుసూది గుచ్చి పంపేది, టైలరమ్మ సరిచేసి మళ్ళీ పంపేది. అడుగు వరసలో ఎన్నడూ గుండుసూది లేదు.

"ఒక్కసారి నువ్వే రారాదటే," అనేవాడు మొగుడు. "వాళ్ళంతా నీ గురించి అడుగుతున్నారట. రాసేది దెయ్యమో మనిషో తెలియాలి కదా వాళ్ళకి."

"పని ఎవరు చేస్తారండీ? మీరు చేస్తారా?" అనేది ఆవిడ.

అసలు సంగతి పని కాదు. ఆ గేటు తలుచుకుంటే చాలు, లోపల ఎక్కడో తన కోసం ఒక మంచం పరిచి ఉంచారని అనిపించేది. వాళ్ళ కోసం పుస్తకం రాస్తూ, వాళ్ళ మొహం చూడ్డానికి వణికిపోయింది ఆ మనిషి.

రెండేళ్ళు అలా గడిచాయి. రెండొందల పదకొండు స్తుతులు అయిపోయాయి. మిగిలింది ఒక్కటి. ఆ సమయానికే డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. టైలరమ్మ పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళింది. పుస్తకం పూర్తయ్యే వేళకు దేవుడు తన మాట నిలబెట్టుకుంటాడని, డాక్టరు నోరెళ్ళబెడతాడని ఆవిడ నమ్మకం. తెల్లటి గిన్నెలో మొహం పెట్టి, మీట పట్టుకుని కూర్చుంది. చుక్కలు రాలేదు. రాలేదనే అనుకుంది. యంత్రం ఆగాక తెలిసింది, వచ్చాయని.

"మధ్యలో రూపాయి బిళ్ళంత మిగిలిందమ్మా," అన్నాడు డాక్టరు. "ఏడాది ఉండొచ్చు. ఉండకపోవచ్చు. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ ఉంటుందో ఇప్పటినుంచే చేతికి అలవాటు చేసుకోండి."

ఇంటికొచ్చి టైలరమ్మ ఏడవలేదు. పలకా, సూదీ, మిగిలిన తెల్ల కాగితాలూ ఒక పాత గుడ్డలో చుట్టి, గుడ్డ పీలికల పెట్టె అడుక్కి తోసేసింది. మొగుడు డ్యూటీ దిగి వచ్చేసరికి పెట్టె మీదే కూర్చుని ఉంది.

"నా వంతు నేను చేశానండీ," అంది. "రెండొందల పదకొండు. ఒక్కదాంట్లో కూడా లోటు చెయ్యలేదు. ఆయన వంతు ఏదీ?"

"ఆయనెప్పుడు ఒప్పుకున్నాడే?"

"అంటే?"

"ఒప్పందం అంటే రెండువైపులా సంతకం ఉండాలి కదా. ఆయన సంతకం ఎక్కడుందో చూపించు." నవ్వించబోయి అన్నాడు పాపం. ఆవిడ మొహం చూసి, పక్కన నేల మీద కూర్చుని, ఆవిడ పాదం మీద చెయ్యి వేశాడు. "పోనీలే. రాయకు. నీ ఇష్టం."

వారం తిరక్కుండా హోమ్ నుంచి కబురొచ్చింది. కావలివాడు బస్సు ఆపి మరీ చెప్పాడట. చివరి స్తుతి రాలేదేమని అడుగుతున్నారు. ఇంకోటి కూడా, పుస్తకంలో ఒక తప్పుంది, కవర్లో పంపేది కాదు, ఆవిణ్ణే రమ్మనమని దిద్దుబాటు పెద్దమ్మ అంటోంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు టైలరమ్మ చెయ్యి ఇత్తడి తొడుగు మీదికి వెళ్ళింది. ఛ, ఎలా తెలుస్తుంది, నున్నగా నలిపాను కదా అనుకుంది. తన పనిలో తప్పుందనడం మాత్రం మింగుడు పడలేదు. పౌరుషం భయాన్ని మించింది. శనివారం పొద్దున మొగుడి బస్సులోనే, డ్రైవరు సీటు వెనక కూర్చుని బయల్దేరింది.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. హోమ్ వరండాలో పొద్దున పదింటికి కూడా మసక మసకగా ఉంది. ఎవరూ లైట్లు వెయ్యలేదు. ఎవరికోసం వేస్తారు? రూపాయి బిళ్ళంత కంతలోంచి టైలరమ్మకు గోడా నేలా ఒకటిగానే కనిపించాయి. కుర్చీకి తట్టుకుంది. తలుపనుకుని కిటికీని తోసింది. ఆవిడ చుట్టూ మాత్రం మనుషులు చకచకా నడిచిపోతున్నారు. ఒకడు వేడి పాల గిన్నె పట్టుకుని, కూనిరాగం తీస్తూ పక్కనుంచి వెళ్ళిపోయాడు.

"తాడు పట్టుకో తల్లీ," అన్నారు ఎవరో. వరండాలో కూర్చుని కుర్చీలకు పేము అల్లే తాత. కుర్చీల తాతంటారట. "గోడ పొడుగునా తాడుంది. ఒక ముడి వస్తే స్నానాల గది, రెండు ముళ్ళొస్తే భోజనాలు. మూడు ముళ్ళొచ్చిన చోట ప్రార్థన. కొత్తదానివి కదూ?"

"కొత్తదాన్నే," అంది టైలరమ్మ. నాకు కళ్ళున్నాయి అని చెప్పబోయి ఊరుకుంది.

మూడు ముళ్ళ దగ్గర తలుపు తెరిచే ఉంది. ఆవిడ లోపలికి అడుగుపెట్టేసరికి ఆరాధన మొదలైపోయింది. మూలన ఒక బల్ల మీద కూర్చుంది. ముప్పై మందిదాకా ఉంటారు. ముందు ఒక స్టాండు, దాని మీద పేజీలు, అవి తన పేజీలే. స్టాండు దగ్గర ఒక పొట్టి ముసలావిడ, తెల్ల జుట్టు, వంగిన వీపు. కుడిచేతి చూపుడువేలు కాగితం మీద పరిగెడుతోంది. ఆవిడ ఒక వాక్యం చదివితే మిగతావాళ్ళు ఆ వాక్యం చెబుతున్నారు.

టైలరమ్మ తన కంతలోంచి ఒక్కొక్క మొహమే చూడగలిగింది. ఒక మొహం, తర్వాత ఇంకో మొహం. అలాంటి మొహాలు ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఎవరో చూస్తున్నారన్న ఎరుకతో సర్దుకున్న మొహాలు మనవి, ప్రార్థనలో కూడా అంతే. ఈ మొహాల్లో ఆ సర్దుబాటు లేదు. నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. కనుబొమ్మలు పైకి లేచి ఉన్నాయి. ఎదురుగా ఎవరో వచ్చి నిలబడ్డట్టు, ఆ వచ్చినవాణ్ణి తప్ప ఇంక దేన్నీ పట్టించుకోనట్టు ఉన్నాయి. తెలియకుండానే ఆవిడ కూడా స్టాండు వెనక ఖాళీ గోడ వైపు చూసింది, నిజంగా ఎవరైనా ఉన్నారేమోనని.

"సముద్రానికి ఒడ్డు గీసినవాడా, మా గుండెకు గీత గీయవద్దు," అని పెద్దమ్మ చదివింది.

"మా గుండెకు గీత గీయవద్దు," అన్నాయి ముప్పై గొంతులు.

ఇది నేను రాసిందేనా అనుకుంది టైలరమ్మ. నూటఎనభయ్యో ఏదో స్తుతి. చుక్క చుక్కా తనే గుచ్చింది. ఒక్క ముక్క తలకెక్కలేదు. ఉత్తరాలు పంచే పోస్ట్‌మాన్‌కు లోపలి కబురుతో పనేముంది, అలాగే పంచిపెట్టింది ఇన్నాళ్ళూ.

స్తుతి అయిపోయింది. పెద్దమ్మ వేలు ఆగలేదు. ఒక వరస దాటి కిందికి జారింది. ఇప్పుడు మెల్లగా కదిలింది, చంటిపిల్ల బుగ్గ తడిమినట్టు. ఆవిడ గొంతు తగ్గించి చదివింది.

"ప్రభువా, నా చూపు తీసెయ్యకు."

ముప్పై మంది గుడ్డివాళ్ళు, ఒక్క గొంతుగా, తగ్గు స్వరంలో, "ప్రభువా, నా చూపు తీసెయ్యకు," అన్నారు.

టైలరమ్మ లేచి పారిపోదామని బల్ల అంచు పట్టుకుంది. పేజీ తిరిగింది. ఇంకో స్తుతి. దాని చివర మళ్ళీ వేలు కిందికి జారింది, మళ్ళీ అదే మాట. కుర్చీల తాత అన్నాడు. పాల గిన్నె మోసుకెళ్ళినవాడు అన్నాడు. కళ్ళ చోట ఉత్త గుంటలున్న ఒక పిల్ల, పదిహేనేళ్ళుంటాయేమో, చేతులు జోడించి అంది. ఆవిడ దాచిన మాట, ఆవిడ నలిపేసిన మాట, ఆ గదిలో అందరికీ నోటికొచ్చు.

ఆరాధన ముగిశాక అందరూ తాడు పట్టుకుని వెళ్ళిపోయారు. పెద్దమ్మ పేజీలు సర్దుతూ, "మూలన ఎవరమ్మా, ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నావ్," అంది.

టైలరమ్మ దగ్గరికెళ్ళింది. పెద్దమ్మ ఆవిడ కుడిచెయ్యి అందుకుని తడిమింది. చూపుడువేలి మీద సూది పొడిచిన కాయలు, అరచేతిలో పిడి ఒరుసుకున్న గట్టి చర్మం.

"నువ్వా," అంది. ఆ చెయ్యి వదల్లేదు. "రెండేళ్ళకి వచ్చావ్."

"పెద్దమ్మా, నేను దాన్ని నలిపేశాను. కిటికీ దగ్గర పెట్టి చూశాను. ఏమీ కనబళ్ళేదు."

"నలిపిన చుక్క కంటికి పోతుందమ్మా. వేలికి పోదు. కాగితం ఒకసారి గుచ్చుకున్నాక ఎక్కడికి పోతుంది?" పెద్దమ్మ నవ్వింది. "మొదటి పేజీలో తగిలితే పొరపాటనుకున్నాను. ఐదో పేజీకి అర్థమైంది, ఎవరో ఏడుస్తున్నారని."

"మరి ఎందుకు చదివారు, అందరి ముందూ?"

"పుస్తకంలో ఉంటే చదవొద్దా? ఎవరి చూపో తెలీదు. మాలో ఎవరిదీ కాదని మాత్రం తెలుసు." పెద్దమ్మకు మళ్ళీ నవ్వొచ్చింది. "మా నోట ఆ మాట విని దేవుడు కూడా నవ్వుకుని ఉంటాడు, వీళ్ళ దగ్గర తీసుకోవడానికి ఏం మిగిలిందని. అయినా అన్నాం. ప్రతి శనివారం, ప్రతి పేజీకీ."

రెండేళ్ళు. తను ఈ గేటు దాటడానికి భయపడ్డ రెండేళ్ళూ వీళ్ళు తన చూపు కోసం దేవుణ్ణి అడిగారు. సిగ్గుతో టైలరమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"ఆయన ఇవ్వట్లేదు పెద్దమ్మా," అంది చివరికి. "పోతోంది. ఏడాదే అన్నారు. ఇంతమంది అడిగినా ఇవ్వకపోతే, ఎందుకు రాయాలి నేను?"

పెద్దమ్మ కూడా మెల్లగా, స్టాండు పట్టుకుని పక్కన చతికిలబడింది.

"మీరు అడగలేదా, మీ కళ్ళ కోసం?" అంది టైలరమ్మ.

"అడక్కేం. ఇరవై ఏళ్ళొచ్చేదాకా అదే పని. అలిగాను, ఉపవాసాలున్నాను, దెప్పాను. ఒకరోజు ఎవరో స్తుతి చదువుతుంటే వింటూ కూర్చున్నాను. ఏదో అయింది. ఏమైందో ఇప్పటికీ చెప్పలేను. ఈ గదంతా... ఆయనే ఉన్నట్టు. అంతటివాడు, అంత దగ్గరగా. ఆ రోజు అడగడం మర్చిపోయాను. మర్చిపోయానని నాలుగు రోజులయ్యాక గుర్తొచ్చింది."

"అంటే అడగడం తప్పా?"

"తప్పెందుకవుతుంది? తల్లిని అడక్క ఎవర్ని అడుగుతారు? కానీ తల్లి బయటినుంచి ఇంటికొస్తే, సంచి వైపే చూసి, తల్లి మొహం వైపు చూడని పిల్ల ఉంటుంది చూడు. ఆ పిల్లకి తల్లి ఇంకా తెలీదమ్మా, పాపం." పెద్దమ్మ ఆవిడ చేతిని నిమిరింది. "పుస్తకంలో తప్పుందన్నాను కదా. చివరి పేజీ లేదు. అదే తప్పు. దిద్దు."

ఇంటికొచ్చాక రెండు రోజులు టైలరమ్మ పెట్టె జోలికి పోలేదు. మూడోనాడు పొద్దున ఆయన డ్యూటీకి వెళ్ళాక, పీలికలన్నీ బయటికి లాగి, అడుగునున్న మూట విప్పింది. బల్ల మీద కాగితం బిగించింది. చివరి స్తుతి కాగితాన్ని కంతకు ఎదురుగా పెట్టుకుని, రెండేళ్ళలో మొదటిసారి, గుచ్చబోయే ముందు చదివింది.

సంఘంలో ఎవరో ఎప్పుడో రాసింది. రాసినవాళ్ళ పేరు లేదు. "వెలుగు అనే మాట పుట్టకముందే నీవున్నావు. నిన్ను చూడటానికి మాకు కళ్ళు లేనినాడే నీవు మమ్మల్ని చూశావు. నీ చేతిలో ఉన్నవాటి కోసం రాలేదు, నీ కోసం వచ్చాము. నీవు నీవైనందుకు నీకు స్తోత్రం."

సూది పట్టుకుంది. కుడి నుంచి ఎడమకు, తిరగేసి, ఒక్కొక్క చుక్క. రెండో వాక్యంలో కంత ముందు కాగితం అలుక్కుపోయింది. కన్నీళ్ళో, జబ్బో తెలియలేదు. కళ్ళు మూసుకుంది. చెయ్యి ఆగలేదు. గడులు చేతికి తెలుసు.

గుచ్చుతూ గుచ్చుతూ ఆ మాటలు లోపలికి దిగాయి. వెలుగు అనే మాట పుట్టకముందు. అప్పుడు చీకటి అనే మాట కూడా లేదు కదా అనుకుంది. చూపు లేదు, చూడ్డానికేమీ లేదు. ఆయనున్నాడు. ఇన్నాళ్ళూ తాను ఎవరితో బేరమాడింది? గుండీలు కుట్టిపెడతానని చెప్పి బట్టలకొట్లో గీచి గీచి బేరమాడినట్టు, ఎవరిని అడిగింది? భయం వెయ్యలేదంటే అబద్ధం. కానీ పారిపోవాలనిపించే భయం కాదు. మూసిన కళ్ళ వెనక ఏమీ కనబడలేదు. గదిలో మిషను, గోడ మీద చొక్కాలు, బయట సందులో సైకిలు బెల్లు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటన్నిటికంటే దగ్గరగా, ఆవిడ ఊపిరికంటే దగ్గరగా, ఆయనున్నాడు. అంతటివాడు, ఈ పీలికల గదిలో. ఆఖరి చుక్క గుచ్చి టైలరమ్మ సూది కింద పెట్టి, తల బల్లకు ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయింది.

తర్వాత కాగితం తీసి, తిప్పి, కవర్లో పెట్టింది.

శనివారం ఆవిడే పట్టుకెళ్ళింది. తాడు పట్టుకుని మూడు ముళ్ళు లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది. కుర్చీల తాత పక్కన కూర్చుంది. పెద్దమ్మ చివరి పేజీ స్టాండు మీద పెట్టి, చూపుడువేలితో చదవడం మొదలుపెట్టింది. ఆ గదిలో మళ్ళీ ఆ మొహాలు పైకి లేచాయి. టైలరమ్మ ఈసారి మొహాల వైపు చూడలేదు.

"నీవు నీవైనందుకు నీకు స్తోత్రం," అని చదివింది పెద్దమ్మ.

"నీకు స్తోత్రం," అన్నారందరూ.

పెద్దమ్మ వేలు అలవాటుగా అడుగు వరసకు జారింది. అంతా గొంతు తగ్గించి అనడానికి సిద్ధంగా ఉన్నారు. వేలు ఎడమ నుంచి కుడికి వెళ్ళింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

"ఏం పెద్దమ్మా, కింద వరస చదవవే?" అన్నాడు కుర్చీల తాత.

"లేదు," అంది పెద్దమ్మ.

"మరీ గట్టిగా నలిపేసిందా?"

"నలపలేదు. అసలు గుచ్చలేదు. కాగితం నున్నగా ఉంది."

టైలరమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడకు ఇప్పుడు గుర్తొచ్చింది.

"రాయలేదు పెద్దమ్మా," అంది. "మానేద్దామనుకుని కాదు. మర్చిపోయాను."

పెద్దమ్మ వేలిని ఆ ఖాళీ వరస మీదే ఉంచింది. ఆవిడ చూపులేని కళ్ళలోంచి నీళ్ళు జారి, ముడతల్లో ఆగి, మళ్ళీ జారాయి.

"రాయకపోతేనేం," అన్నాడు కుర్చీల తాత పక్కనుంచి. టైలరమ్మ చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "మాకు నోటికొచ్చుగా." ఆయన ఎత్తుకున్నాడు. గదిలో ముప్పై మందీ, పేజీలో లేని ఆ వరసను, ఆవిడ కోసం, తగ్గు స్వరంలో చెప్పారు.

టైలరమ్మ వాళ్ళు చెప్పింది పూర్తిగా వింది. కళ్ళు తుడుచుకుంది.

"మళ్ళీ మొదటినుంచి చదవండి పెద్దమ్మా," అంది. "నేను మీతోపాటు చెబుతాను."

పెద్దమ్మ వేలు పేజీ పైకి వెళ్ళి మొదటి చుక్క మీద ఆగింది, చదవడం మొదలుపెట్టింది.